తెగిన రిబ్బను

బావమరిది మాట నమ్మి, పత్రిక పనికి ఇన్నాళ్లూ వాడిన పాత కెమెరాను అమ్మేసి కొత్తది కొన్నాను. "అరవై మెగాపిక్సెళ్లు బావా! చీమ మీసాలు కూడా కనిపిస్తాయి," అన్నాడు. చీమ మీసాలతో నాకేం పని?

పరుగు పందెంలో, పాత అలవాటు కొద్దీ, చివరి మలుపు నుంచే బటన్ నొక్కి పట్టాను. ముందున్నవాడు గెలుపు గీత దగ్గరికొచ్చేసరికి కొత్త కెమెరా బిగుసుకుపోయింది. అంతంత బరువు ఫొటోలను కార్డులోకి ఎక్కించుకోలేక ఎర్రదీపం వెలిగించుకుని కూర్చుంది. ఎంత నొక్కినా, ఎంత తిట్టినా ఉలుకూ పలుకూ లేదు. అది తేరుకునేసరికి పందెం ముగిసింది.

ఆఫీసులో ఎడిటర్ నా ఆఖరి ఫొటోను తెర మీద పెద్దది చేశాడు. నేల మీద తెగిపడిన రిబ్బను.

"పోగు పోగూ కనిపిస్తోందయ్యా, భలే!" అన్నాడు. "తెంపినవాడేడి?"