జబ్బు మా మనసులో లేదు

ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కే షెడ్డు. పనివాళ్లందరూ చూస్తుండగా యజమాని రాజమోహన్ అక్కడ పనిచేసే సుజన నడుం మీద చెయ్యి వేశాడు. సుజన ఆ చేతిని విదిలించి కొట్టింది. మర్నాటి నుంచి ఆమెకు పని లేదు. తల్లికి అన్నం క్యారియర్ తెచ్చిన కృపారాణి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. సైకాలజీ ఎమ్మే చదువుతున్న పిల్ల. అయినా క్యారియర్ గుమ్మంలోనే పెట్టి వెళ్లిపోయింది.

తల్లి రెబెకమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఈ పొద్దు సుజన, రేపు నా బిడ్డ. నోరు మూసుకోనుంటే మనమూ వాడికి సాయం చేసినట్టే" అని అందరినీ కూడగట్టి ఆత్మకూరు లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇప్పించింది.

ఆ వారమే కృపారాణికి పాఠాలు చెప్పే ప్రొఫెసరమ్మ ఊళ్లో దిగింది. పల్లెటూరి స్త్రీల మానసిక ఆరోగ్యం మీద పరిశోధన అట. బస రాజమోహన్ మేడలో. కృపారాణిని సాయానికి పెట్టుకుని, షెడ్డు ఆడవాళ్లను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచింది. "మీ బాధకు కారణం ఎవరనుకుంటున్నారు?" అని అడిగింది.

వాళ్లంతా బాప్టిస్టు చర్చి ఆడవాళ్లు. ఎవరైనా కూర్చోబెట్టి నీ సంగతి చెప్పమంటే వాళ్లకు తెలిసింది చర్చిలో చెప్పే సాక్ష్యమే. సాక్ష్యంలో ముందు తన పాపం ఒప్పుకోవాలి, ఎదుటివాడి తప్పు ఆ తర్వాత. "నేను పాపినమ్మా, నాలోనే లోపముండాది" అని మొదలుపెట్టారు అందరూ. ప్రొఫెసరమ్మ ఆ మొదటి ముక్క పట్టుకుని, "చాలమ్మా, ఇంకో ప్రశ్న" అంది. అసలు మాట ఇంకా రాలేదని కృపారాణికి తెలుసు. కానీ మార్కులు వేసేది ఆవిడే. మింగేసింది.

విచారణ నాటికి ఆ రిపోర్టు రాజమోహన్ చేతిలో ఉంది. అధికారి పైకి చదివాడు: "ఈ స్త్రీలలో తీవ్రమైన అపరాధభావం ఉంది. తమ బాధకు తామే కారణమని అందరూ చెప్పారు." కళ్లద్దాలు తీసి, "మీరే చెప్పినారు కదమ్మా! మందులు వాడండి. పెద్దమనిషిని బజారుకీడ్చొద్దు" అన్నాడు.

"అదేంది సార్! ఆ మాట దేవుడి ముందర చెప్పేది. వీడికి మాఫీ కాదు!" అని అరిచింది రెబెకమ్మ.

ఫిర్యాదు మూసేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, సుజనకు మతి చెడిందని ఊరంతా పాకించాడు రాజమోహన్.

తిరుగు బస్సులో కృపారాణి వెక్కివెక్కి ఏడ్చింది. "నాకు తెలుసమ్మా. అప్పుడే చెప్పాల్సింది."

"ఏడిస్తే ఏమొస్తాది?" అంది రెబెకమ్మ. "మన మాట పట్టుకపోయి, మనకు వినిపించకుండా ఎట్టా రాస్తాదే ఆయమ్మ? ఇంక ఒంటరిగా ఎవురూ గదిలోకి పోబాకండి. అడిగేది అందరి మధ్యలో అడగాల. రాసింది మన ముందర చదవాల. మనం కాదంటే కొట్టెయ్యాల."

"మనమూ అడుగుదాం అక్కా, వాడింట్లో ఎందుకు దిగిందో" అంది వెనక సీటులోంచి షెడ్డులో పనిచేసే కామమ్మ.

మర్నాడు ఉలి ముట్టకుండా అందరూ షెడ్డు గేటు ముందు బైఠాయించారు. "జబ్బు మా మనసులో లేదు, ఈ షెడ్డులో ఉండాది!" అని నినాదం ఎత్తుకుంది సుజన. పొద్దెక్కకముందే పోలీసు జీపు వచ్చింది. రెబెకమ్మను జబ్బ పట్టి ఈడ్చారు. అడ్డం పడ్డ కృపారాణిని ఒక్క తోపు తోశారు. ఆ పిల్ల వల్ల ఏమీ కాలేదు.

ప్రొఫెసరమ్మకు ఫోను చేసింది. "మేడమ్, మా అమ్మను పట్టుకపోతున్నారు. ఆ రిపోర్టు తప్పని ఒక్క మాట చెప్పండి."

"అది నా చేతిలో లేదు కృపా. కానీ నువ్వు వీడియో తియ్యి. తర్వాతి స్టడీకి బాగా పనికొస్తుంది."

కృపారాణి ఫోను కట్టేసింది. ఒళ్లంతా మండిపోయింది. ఆ మంటతో చెయ్యగలిగింది మాత్రం ఏమీ కనిపించలేదు. జీపు అప్పటికే మలుపు తిరిగింది. రెబెకమ్మ కూర్చున్న చోట ఖాళీ అలాగే ఉంది, ఎవరూ అటు జరగలేదు. కృపారాణి వెళ్లి అక్కడ కూర్చుంది. సుజన ఆమె చెయ్యి పట్టుకుంది.

బజారు వైపు నుంచి రెండో జీపు హారను వినపడింది. ఎవరూ లేవలేదు.