తువ్వాల కింద తేలిన బొమ్మ

జమ్మికుంట చౌరస్తాలో బొమ్మ పెట్టాలని పంచాయతీలో అనుకున్నారు. మూడు నమూనాలు వచ్చాయి. ఒకటో నంబరు రైతు, రెండోది నోటితో నీళ్ళు చిమ్మే చేప, మూడోది నేతగాడు. చేపను ఎవరూ కన్నెత్తి చూడలేదు. రైతే కావాలని రైతుల పెద్ద మల్లన్న, నేతగాడే కావాలని సాలెల పెద్ద దశరథం మాత్రం నెల రోజులు అరిచి, గుమాస్తానైన నా చెవులకు చిల్లులు పెట్టారు.

చివరికి పత్తి దలాలి ఓదెలును పిలిచారు. మార్కెట్లో అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద ఆయన వేళ్ళు నొక్కి ధర చెప్తారు. ఆయన తేల్చిందే బేరం. సభ్యులందరూ అలాగే తమకు నచ్చిన నంబరు నొక్కారు.

ఓదెలు తువ్వాల దులిపి, "రెండు! చేప!" అన్నాడు.

"రెండు ఎవడు నొక్కిండు?" అని మల్లన్న లేచాడు.

"ఎవలు నొక్కలే. మీరు ఒకటన్నరు, గాళ్ళు మూడన్నరు. మిమ్మల్ని జర ఎక్కిచ్చిన, గాళ్ళను జర దించిన, నడుమ తెంపిన. బేరమంటే గంతే గదా!"

నేతగాడు రానందుకు మల్లన్న, రైతు రానందుకు దశరథం సంబరంగా సంతకాలు పెట్టారు. తీర్మానంలో 'ఏకగ్రీవంగా' అని నాచేత రాయించారు.