ఎడమచేతి కుట్టు

నాటకాల కంపెనీలో ఆయన్ని అందరూ పుర్రచెయ్యి మాస్టర్ అనేవాళ్లు. రాజు కోటు దగ్గర్నుంచి బంటు లాగు దాకా ఆయన ఎడమచేతి కత్తెర కిందినుంచి రావలసిందే. మనిషి మాత్రం నోరు మెదపడు. పొద్దస్తమానం మిషన్ మాట్లాడుతుంటే ఆయన వింటూ కూర్చుంటాడు.

"మాస్టర్ని మాట్లాడించాలంటే సూదితో గుచ్చాలిరా," అని రాజు వేషగాడు నవ్వేవాడు.

"గుచ్చి చూడండి. సూది వంగిందేమోనని చూసుకుంటాడు తప్ప అబ్బా అనడు మా బావ," అని బావమరిది అందుకునేవాడు.

ఆ బావమరిది మాస్టర్ భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. పాతికేళ్లుగా బావ వెంటే ఉన్నాడు. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, ఇస్త్రీ చేయడం అతని పని. కంపెనీ ఆ ఏడు దేశం దాటి వచ్చి ఊరూరా ఆడుతోంది. బావమరిది వచ్చిన నెలకే అక్కడి భాష నాలుగు ముక్కలు పట్టేశాడు. మాస్టర్‌కి ఒక్క ముక్కా అబ్బలేదు. దారం కొనాలన్నా, మందుబిళ్ల కొనాలన్నా బావమరిది నోరే ఆయన నోరు.

ఒకసారి ఊరు మారేటప్పుడు దారిలో వాన పట్టుకుని లారీలో పెట్టెలు తడిశాయి. అందరూ పట్టుబట్టల కోసం పరిగెత్తారు. మాస్టర్ తిన్నగా తన రేకుపెట్టె దగ్గరికి పోయి మూత తీశాడు. లోపల అట్టలున్నాయి. పైనున్న రెండిటికి చెమ్మ తగిలింది. వాటిని చొక్కాలో పెట్టుకుని ఒంటివేడికి ఆరబెట్టాడు.

అవి కొలత అట్టలు. అట్టని బట్ట మీద పెట్టి చుట్టూ సుద్దతో గీసుకుంటే కోటుకో అంగీకో రూపం వస్తుంది. నలభై ఏళ్లుగా ఒక్కొక్కటీ తప్పుచేసి, దిద్ది, మళ్లీ కోసుకున్నవి. మొత్తం ముప్పై ఆరు. రాజు అట్ట, మంత్రి అట్ట, హాస్యగాడి అట్ట అని వాటికి పేర్లు కూడా ఉన్నాయి. ఇంటి దగ్గర కూతురు వచ్చే నెలలో వేషాల బట్టలు కుట్టే కొట్టు తెరుస్తోంది. మిషన్ కొనుక్కుంది, బల్ల చేయించుకుంది. ఇక రావలసినవి ఈ అట్టలే. ఆయన పని మానేసి ఇల్లు చేరడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఇంకో వాన వస్తే అట్టలు పప్పయిపోతాయి. అందుకని పార్సిలు పంపేద్దామనుకున్నాడు.

మాస్టర్ అట్టల్లో ఒక కిటుకుంది. అందరి అట్టల్లోనూ కుట్టులోకి పోయే బట్ట కలిపే ఉంటుంది. ఈయన వాటిలో ఉండదు. సుద్దగీతకి అవతల ఎక్కడ ఎంత వదలాలో చేతికే తెలుసు. ఆ సంగతి అమ్మాయికి ఫోనులో చెబుదాంలే అనుకున్నాడు.

ఆ సాయంత్రం బసలో మంచం మీద కూర్చుని అట్టలన్నీ పెట్టెలో సర్ది, దానిపైన కాన్వాసు గుడ్డ చుట్టి, దబ్బనంతో కుట్టడం మొదలుపెట్టాడు. పక్కనే బావమరిది పోస్టాఫీసు కాగితం నింపుతున్నాడు.

"బావా, లోపలేముందని రాయమంటావు?"

"అట్టలు."

"వెల ఎంతని వేయను?"

మాస్టర్ దబ్బనం ఆపాడు. ఆలోచించాడు. మళ్లీ కుట్టసాగాడు.

"ఏమీ లేదని రాసేస్తాను. పాత అట్టలు ఎవడిక్కావాలి?" అన్నాడు బావమరిది నవ్వుతూ. మాస్టర్ కూడా నవ్వాడు. ఆయన నవ్వితే పళ్లు ఎన్నున్నాయో కంపెనీలో ఎవరికీ తెలియదు. బావమరిదికి మాత్రమే తెలుసు.

మర్నాడు పొద్దున్నే రాజు వేషగాడి కోటు చంక చిరిగిందని పిలుపు వచ్చింది. పార్సిలు తీసుకుని బావమరిది ఒక్కడే పోస్టాఫీసుకి వెళ్లాడు. పది గంటలకి వస్తానన్నవాడు మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చాడు.

"ఏంట్రా ఇంతసేపు?"

"ఏం చెప్పమంటావు బావా, లైను కొండచిలువలా ఉంది," అని రసీదు చేతిలో పెట్టాడు. మాస్టర్ దాన్ని మడిచి, సూదుల డబ్బాలో దాచుకున్నాడు.

మూడు వారాలకి ఇంటినుంచి ఫోను వచ్చింది.

"నాన్నా, పార్సిలొచ్చింది," అంది అమ్మాయి. గొంతులో సంతోషం లేదు. "ఇదేంటి నాన్నా? అన్నీ పాత న్యూస్ పేపర్లే ఉన్నాయి."

మాస్టర్‌కి అర్థం కాలేదు. "అడుగున చూడమ్మా."

"అడుగునా పేపర్లే. అట్టముక్క లేదు."

ఆయన మంచం అంచుమీద కూర్చున్నాడు. దారిలో ఎవరైనా విప్పారా? పోస్టాఫీసువాళ్లు విప్పారా?

"కుట్టెలా ఉంది తల్లీ?"

"విప్పకముందే చూశాను నాన్నా. నీ కుట్టు ఎడమకి వాలుతుంది కదా. ఇది కుడికి వాలింది. కుట్టు నీది కాదు."

"ముడి?"

"ముడి మాత్రం నీదే. రెండు చుట్లు తిప్పి లోపలికి లాగేసి ఉంది."

ఆ ముడి మాస్టర్ ఈ లోకంలో ఇద్దరికే నేర్పాడు. ఒకరు ఫోనులో ఉన్నారు. రెండోవాడి మంచం ఎదురుగా ఖాళీగా ఉంది. దుప్పటి చక్కగా మడతపెట్టి ఉంది.

"అమ్మకియ్యి," అన్నాడు.

"ఏవండీ," అంది భార్య. తర్వాత మాట రాలేదు. ఆవిడ అలా నీళ్లు నమలడం ఆయన పెళ్లయినప్పటినుంచీ ఎరుగును. ఏదో దాస్తేనే అలా చేస్తుంది.

"నీకు తెలుసా?"

"వాడు నాకు ముందే ఫోను చేశాడండీ. మీరెలాగూ పని మానేస్తున్నారు కదా. అట్టలున్నవాడే వచ్చే ఏడు మాస్టరని కంపెనీ యజమాని అన్నాడట. వాడికీ యాభై దగ్గర పడుతున్నాయి. ఇంకా కాజాలేనా? అమ్మాయికేముంది, మీరొచ్చి మళ్లీ గీసిస్తారు. అట్టముక్కల కోసం వాడిమీద కోపం పెట్టుకోకండీ."

మాస్టర్ ఫోను మంచం మీద పెట్టాడు. అందులోంచి "ఏవండీ, ఏవండీ" అని వినబడుతూనే ఉంది. సూదుల డబ్బా తెరిచి రసీదు తీసి చూశాడు. ఆ భాష చదవడం రాదు. పార్సిలు కాగితం మీద ఏమీ విలువ లేదని రాసినవాడి చెయ్యి, ఆ మధ్యాహ్నం అన్నం కలుపుకున్న చెయ్యి, రెండూ ఒకటేనని ఇప్పుడు తట్టింది. ఇద్దరూ ఒకే బల్ల మీద తిన్నారు. పచ్చడి ఆయన కంచంలో వేసింది కూడా అతనే.

లేచి కుట్టుపని గదికి వెళ్లాడు. తలుపు దగ్గరే యజమాని ఎదురయ్యాడు.

"మాస్టర్, కొత్త నాటకం రాజు కోటు మీ బావమరిదికిచ్చాను. మీరు కాస్త కళ్లకి విశ్రాంతి ఇవ్వండి," అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

లోపల పెద్దబల్ల మీద ఎర్ర మఖమలు పరిచి ఉంది. దానిమీద రాజు అట్ట ఉంది. వానచెమ్మకి ఉబ్బిన మూల ఇంకా అలాగే ఉంది. బావమరిది సుద్దతో చుట్టూ గీసి, కొత్తగా కొనుక్కున్న కుడిచేతి కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. బావని చూసి అతని ముఖం ఇస్త్రీ గుడ్డలా తెల్లబోయింది.

"అక్క చెప్పిందా?"

మాస్టర్ అట్ట వంక చూస్తున్నాడు.

"అడిగితే ఇస్తావా బావా? పాతికేళ్లు కాజాలు తీయించావు. ఒక్కరోజు, ఒక్కరోజు 'ఇదిగోరా కత్తెర' అన్నావా? అమ్మాయి పుట్టిన రోజునుంచీ అన్నీ అమ్మాయికే. నేను మీ ఇంట్లో గుండీల డబ్బాననుకున్నావా?"

అడిగి ఉంటే ఇచ్చేవాడా? ఆ మాట మాస్టర్ తనని తనే అడిగాడు.

"తిట్టు బావా. చెంప పగలగొట్టు. ఇలా చూడకు."

మాస్టర్ దగ్గరికొచ్చాడు. మఖమలు మీద వేలు పెట్టి సుద్దగీత వెంట పోనిచ్చాడు. గీత సరిగ్గా అట్ట అంచునే ఉంది. దానికి అవతల ఇంకో గీత లేదు. బావమరిది అట్టలో కుట్టుబట్ట కలిపే ఉందనుకున్నాడు. ఇలాగే కోస్తే కోటు రాజుకి పట్టదు. కత్తి ఎత్తబోతే చెయ్యి చంక దగ్గరే ఆగిపోతుంది. మఖమలు మళ్లీ అతకదు.

ఒక్క మాట చాలు. అది నాలుక మీదికి వచ్చింది కూడా.

"పనికొస్తుందా బావా?" అన్నాడు బావమరిది మెల్లగా. పాతికేళ్లుగా కాజా తీసిన ప్రతిసారీ అలాగే అడిగేవాడు.

మాస్టర్ వేలికంటిన సుద్ద తుడుచుకుని వెనక్కి తిరిగాడు. గుమ్మం దాటుతుంటే కత్తెర మఖమల్లోకి దిగిన చప్పుడు వినబడింది. ఆయన ఆగాడు. కత్తెర సుద్దగీత మీదే, ఎక్కడా పక్కకి తొలగకుండా, చక్కగా నడుస్తోంది. మంచి చెయ్యి. ఆ చేతికి నేర్పింది తనే. ఆయన వెనక్కి చూడకుండా బసకి వెళ్లిపోయాడు.

ఫోను తీసి అమ్మాయిని పిలిచాడు.

"తల్లీ, అట్టలు రావు. నోటు బుక్కు తెచ్చుకో. చెబుతాను, రాసుకో."

అమ్మాయి రాసుకుంది. మాస్టర్ కళ్లు మూసుకుని, ఎడమచేత్తో గాలిలో గీస్తూ, వరసగా చెప్పుకుపోయాడు. ఆయన అంతసేపు మాట్లాడటం కూతురు పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"నాన్నా, గొంతు బొంగురుపోతోంది. కాసిని నీళ్లు తాగు."

"తర్వాత తాగుతాలే. గీతకి ముప్పావంగుళం అవతల కొయ్యాలి. రాశావా? చంక కింద ఇంకో పావంగుళం. కత్తి ఎత్తే చెయ్యి కదా. ఈ సంగతి నీ దగ్గరే ఉంచుకో. అమ్మకి కూడా చెప్పకు."

అవతల్నుంచి భార్య గొంతు వినబడింది. "ఏమే, మీ మామయ్య ఎలా ఉన్నాడో అడుగు."

మాస్టర్ గాలిలో గీస్తున్న చెయ్యి దించాడు.

"కోటు కోస్తున్నాడని చెప్పు," అన్నాడు. "రాసుకో తల్లీ. రెండోది, మంత్రి అంగీ."