ఊడవని షెడ్డు

పెద్దగొంతు పనిలోనే కుప్పకూలాడు. కోసిన సంచి చేతిలో అలాగే ఉంది. అందులోంచి లేచిన రాతినార పొగమంచులా తేలి, కిందపడ్డ మనిషి మీద నెమ్మదిగా దిగుతోంది. ఆస్‌బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీలో మిక్సరు హోరును మించి కేక వెయ్యగలవాడని అతనికా పేరు. ఇప్పుడా గొంతులోంచి ఈల తప్ప మాట రావడంలేదు.

పక్కన ఖాళీ సంచులు దులుపుతున్న చెల్లెలు పరుగెత్తింది. సూపర్‌వైజరు అడ్డొచ్చాడు.

"బయట కూచోబెట్టండి. సిగరెట్లు మానెయ్యమంటే వింటేగా!"

"మా అన్న జన్మలో సిగరెట్టు ముట్టలేదు సార్."

"సర్లే. రేపు ఇన్‌స్పెక్టరుగారొస్తున్నారు. సాయంత్రం మిక్సరు ఆపి షెడ్డంతా ఊడవండి. టీ, బిస్కెట్లు పంపిస్తా."

ఇన్‌స్పెక్షనంటే అందరికీ సంబరమే. నేల కడిగేవాళ్లు, కిటికీలు తుడిచేవాళ్లు, తలగుడ్డలు కూడా ఉతికి కట్టుకొచ్చేవాళ్లు. వచ్చిన పెద్దమనిషి తమ గురించి ఏమనుకుంటాడోనని ఒకటే ఆరాటం. ఆ మధ్య ఒకాయన "అద్దంలా ఉంచారే!" అని మెచ్చుకుంటే ఎన్నాళ్లో చెప్పుకుని మురిసిపోయారు.

ఆ సాయంత్రం చీపుళ్లు పట్టుకునే ముందు, అందరూ పెద్దగొంతును చూడ్డానికి అతని గదికి వచ్చారు. అతను చెల్లెలి చెవిలో ఏదో అన్నాడు. నలుగురిలో నోరు విప్పని ఆ పిల్ల తలొంచుకుంది.

"చెప్పవే," అన్నాడు మిక్సరు నడిపే తాత.

"ఊడవొద్దంటున్నాడు."

"ఊడవకపోతే మన పరువేం కావాలి?"

అన్న మళ్లీ చెవిలో చెప్పాడు. ఆమె తలెత్తకుండానే అప్పజెప్పింది.

"మనల్ని చంపేదాన్ని మనమే ఊడ్చి దాచేస్తున్నామంటున్నాడు. దుమ్ము కనపడకపోతే, దుమ్ము లాగే ఫ్యాన్లు ఎవరు పెట్టిస్తారంటున్నాడు. రేపు మిక్సరు నడుస్తుండగా ఆయన చూడాలంటున్నాడు."

"రేపు పని పోతే మీ అన్న పెడతాడా కూడు?" లోడింగు మనిషి గయ్యిమన్నాడు. "పోయేవాడికేం, ఎన్నైనా చెబుతాడు!"

"నువ్వేదో వెయ్యేళ్లు ఉండేటట్టు!" తాత నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు పక్కవాడికి అంటుకుంది, అక్కణ్ణించి గుమ్మం దాకా పాకింది. లోడింగు మనిషి నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నాడు గానీ ఆపుకోలేకపోయాడు. దగ్గుతూనే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తరవాత ఎవరూ వాదించలేదు. ఎవరూ చీపురు పట్టలేదు.

మర్నాడు మిక్సరు తిరుగుతూనే ఉంది. ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే ఆగి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"లోపల రిపేర్లు సార్, ఆఫీసులో కూచుందాం," అన్నాడు మేనేజరు. ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగాడు.

పట్టుబట్టి వచ్చి గోడకు చేరగిలబడ్డ అన్న చెల్లెలి చెయ్యి పట్టి లాగాడు. ఆమె వంగి చెవి పెట్టింది. ఈల తప్ప మాట లేదు. ఇంకా విందామని ఆగితే ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయేలా ఉన్నాడు. ఆమె గబగబా పోయి, ఆయన ఎదురుగా నిలబడి, తలగుడ్డ విప్పి దులిపింది.

"చూడండి సార్! మేం పీల్చేది ఇదే!"

వెనక తాత విప్పాడు. లోడింగు మనిషి విప్పాడు. ఎవరూ ఉతకని గుడ్డలవి. ఎండలో తెల్లటి తెర లేచింది. ఇన్‌స్పెక్టరు దగ్గుతూ జీపెక్కాడు. "మర్యాద తెలీని మంద," అన్నాడు. ఆ తరవాత వచ్చినవాళ్లు పోలీసులే. తాతనూ లోడింగు మనిషినీ ఈడ్చుకుపోయారు. మిగతావాళ్లను గెంటేసి గేటు వేసేశారు.

అన్న మళ్లీ షెడ్డు చూడలేదు. పోయేముందు కూడా చెల్లెలి చెవి కోసం చెయ్యి చాపాడు. ఆమె చెవి ఆనించింది. మాటేమీ రాలేదు.

అతన్ని పూడ్చి అందరూ తిన్నగా గేటు దగ్గరికే వచ్చారు. లోపల కొత్తవాళ్లు ఊడుస్తున్నారు. మళ్లీ ఎవరో పెద్దమనిషి వస్తున్నాడట. కొత్తపిల్ల ఒకతె చీపురుతో గేటు దాకా వచ్చి నవ్వింది. "టీ కూడా ఇస్తారంటక్కా!"

"ఊడవకే చెల్లీ, ఆ దుమ్ము వచ్చినాయనకి..." చెల్లెలికి దగ్గు తెర వచ్చింది. గేటు పట్టుకుని వంగిపోయింది.

"...కనపడాలి. మా పెద్దగొంతు..." పక్కావిడ అందుకుంది. ఆవిడకూ ఊపిరి చాల్లేదు.

"...దాంతోనే పోయాడు," అన్నారు వెనకనుంచి ఎవరో.

చీపుళ్ల చప్పుడు ఆగలేదు. కొత్తపిల్ల మాత్రం నవ్వు మానేసి అక్కడే నిలబడింది. చెల్లెలు ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఒకరి ఊపిరి అయిపోయిన చోట ఇంకొకరు అందుకున్నారు.