పోలిక చుక్కకు పరీక్ష

కళ్లద్దాల షాపు మూసి వచ్చి, చీకటి పడగానే డాబా మీద దూరదర్శిని బిగించడం ఆమెకు చిన్ననాటి నుంచీ అలవాటు. నేర్పింది మేనమామ. రిటైరైన లెక్కల మాస్టారు. వెలుగు మారే నక్షత్రాలను గమనించే బృందానికి పెద్ద. ఆ పనిలో కిటుకు ఒకటే. మారే చుక్కను చుట్టుపక్కల ఉన్న మారని చుక్కలతో పోల్చి, దాని వెలుగు ఎంతో చెప్పాలి. ఆ పోలిక చుక్కల వెలుగు పటంలో ముందే రాసి ఉంటుంది.

ఈ ఏడాది కొత్త పటం వచ్చింది. అప్పటినుంచి వాళ్లిద్దరూ ఏళ్లుగా గమనిస్తున్న నక్షత్రం వెలుగు పెరిగినట్టు లెక్క తేలింది. మామయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. సదస్సులో ప్రసంగిస్తానని మాట కూడా ఇచ్చేశాడు.

ఆమెకు మాత్రం ఒకటి కొరుకుడు పడలేదు. పటంలో కొత్తగా చేరిన చుక్కతో పోలిస్తేనే వెలుగు పెరిగింది. పాతవాటితో పోలిస్తే ఎప్పటిలాగే ఉంది.

“మామయ్యా, ఆ కొత్త చుక్క వెలుగు పటంలో తప్పు పడిందేమో.”

“కెమెరాతో కొలిచి వేసిన పటమే అది! ఊరందరికీ అద్దాలమ్ముతావు, ఓసారి నీ కళ్లు కూడా చూపించుకో.”

మాట చురుక్కుమంది. అయినా ఆమె ముందుగా తన కళ్లనే అనుమానించింది. పటం చూసిన కన్ను పటంలో ఉన్నదే చూస్తుంది. అందుకే పటం మొహం ఎరగని వదినను డాబా మీదికి లాక్కొచ్చింది.

“ఈ రెండిట్లో ఏది ఎక్కువ వెలుగు, వదినా?”

“బంగారం తూచమన్నట్టు అడుగుతావేం! కుడిది. ఉండు... ఆఁ, కుడిదే.”

కుడిది పాత పోలిక చుక్క. పటం ప్రకారం ఎడమదానికి, అంటే ఆ కొత్త చుక్కకు, ఎక్కువ వెలుగుండాలి. ఒక్కరి మాట చాలదనుకుంది. వెన్నెల లేని రోజుల్లో, చుక్కలు బాగా పైకి వచ్చాక, పక్కింటి టైలరుకూ అతని భార్యకూ చూపించింది. పటం దేనికి ఎక్కువ వెలుగని చెబుతోందో ఎవరికీ చెప్పలేదు. అందరిదీ అదే మాట.

మామయ్యకు ఫోన్ చేసింది. “ప్రసంగం ఆపు మామయ్యా.”

“నలుగురిలో నన్ను నవ్వులపాలు చేస్తావా?”

“చెప్పాక తప్పని తేలితే నవ్వేది నలుగురే కాదు. వచ్చి నువ్వే చూడు.”

ఆయన ఫోన్ పెట్టేశాడు. మూడోనాడు రొప్పుతూ మెట్లెక్కి, దూరదర్శినికి కన్ను ఆనించాడు. కాసేపటికి ఇంకా పెద్దగా చూపే కటకం బిగించాడు.

“ఒసేయ్, దీన్ని ఆనుకుని ఇంకో బుల్లి చుక్క ఉందే!”

కంటికి రెండూ విడివిడిగానే కనబడుతున్నా, ఇన్నాళ్లూ ఇద్దరూ ఆ బుల్లిదాన్ని పట్టించుకోలేదు. కెమెరా ఆ రెంటినీ ఒకటిగా కలిపి కొలిచి ఉంటుంది. లేని వెలుగు పోలిక చుక్క ఖాతాలో పడింది. దానితో పోల్చిన నక్షత్రానికీ లేని వెలుగు అంటింది.

మామయ్య పిట్టగోడ మీద కూలబడ్డాడు. “అయితే మన నక్షత్రం ఏమీ పెరగలేదన్నమాట.”

“లేదు మామయ్యా.” ప్రసంగంలో ఆమె పేరూ ఉంది. అయినా మాట మార్చలేదు.

పటం వేసినవాళ్లకు ఇద్దరూ కలిసి రాశారు. వాళ్లు మళ్లీ కొలిచి, తప్పు ఒప్పుకుని దిద్దారు. మామయ్య ప్రసంగం మానలేదు, విషయం మార్చాడు. “ఇది పట్టుకున్నది నా మేనకోడలు. అడ్డుపడింది నేను,” అని మొదలుపెట్టాడు. హాలంతా నవ్వింది, ఆయనా నవ్వాడు.

వెనక వరసలో కూర్చున్న ఆమె, రేపు రాత్రి మళ్లీ డాబా మీదికి రమ్మని వదిన చెవిలో గుసగుసలాడుతోంది. పటంలో ఇంకా బోలెడు పోలిక చుక్కలున్నాయి.