ఏకిన ఎండ

వేంపల్లెలో పరుపులు కుట్టే దౌలత్ బీ పొద్దున్నే ముందు దూది ఏకుతుంది, ఆ తర్వాత ఎండ ఏకుతుంది. వాకిట్లో పడిన ఎండను చేటలోకి ఎత్తుకొచ్చి, దూది ఏకే విల్లు కిందే పెట్టి నారి మీటితే, కళ్లు చెదరగొట్టే పచ్చి ఎండ కాస్తా మెత్తబడి పింజలు పింజలుగా లేస్తుంది. దాన్ని చిన్న దిండ్లలో కూరి, చీకటికి ఝడుసుకునే పసిపిల్లలున్న ఇళ్లకు ఇస్తుంది. దిండు మరీ వెచ్చగా ఉందని వంకలు పెట్టినవాళ్లున్నారు గానీ, ఎండను ఏకడమేమిటని అడిగినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు.

ఆ రోజు ఆమె చెయ్యి నారి మీద ఉండగానే కొడుకు రబ్బానీ ఆటోలోంచి కుట్టుమిషను దించాడు.

"ఎవరికిరా ఇది?"

"సబీనాకు. బడి మాన్పిస్తాండా మా. సైన్సు సారు పిలిపించినాడు. అందరికీ కనపడింది ఈ పిల్లకు కనపడలేదంట. చదువు బుర్రకెక్కదు, ఇప్పుడే ఏదన్నా పని నేర్పించుకో అన్నాడు."

మనవరాలు సబీనా గోడకానుకుని ఏడుస్తోంది. దౌలత్ బీ విల్లు పక్కన పడేసింది. "ఏం కనపడలేదే నీకు?"

"మైక్రోస్కోపులో ఉల్లిపొర, జేజీ. తరగతంతా వరసలో నిలబడినాం. ఒక్కొక్కరు వంగడం, 'కనపడింది సార్' అనడం, పోవడం. నాకు నల్లగా ఉన్నింది. అదే చెప్పినా. దాని కింద అద్దం గోడ తట్టుకు తిరిగుండాది, వెలుగు యాడ్నుంచి వస్తాది? ఆ మాటంటే ఎదురు చెప్తాండావా అని బయట నిలబెట్టినాడు."

దౌలత్ బీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత అన్యాయం! అబద్ధం చెప్పిన పిల్లలంతా లోపల, ఉన్నమాట చెప్పిన పిల్ల బయట! చాలదన్నట్టు దాని చదువుకే ఎసరు పెట్టాడు. ఆమె ఏకిన ఎండ దిండొకటి చంకన పెట్టుకుని, మనవరాలితో పాటు కొడుకునూ బడికి లాక్కుపోయింది.

సైన్సు గదిలో కిటికీలకు అడ్డంగా విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి. బాగా పొద్దెక్కినా లోపల మసకగానే ఉంది. సుంకప్ప సారు కుర్చీలోంచి లేవలేదు.

"ఏమప్పా సారూ, నా మనవరాలికి కనపడనిది నీకు కనపడిందా?"

"మైక్రోస్కోపు బాగానే ఉండాది. దాని కండ్లు చూపించుకోండి."

"అయితే ఇంగోసారి చూద్దాం. సబీనా, మైక్రోస్కోపు సరిగ్గా పెట్టవే."

సబీనా కొంచెమే పెద్దది చేసి చూపే లెన్సును కిందికి తిప్పుకుంది. అద్దాన్ని గోడవైపు నుంచి ఇవతలికి మళ్లించింది. దౌలత్ బీ దిండు కుట్టు విప్పి, పిడికెడు ఎండ తీసి అద్దం ముందు పెట్టింది.

"పచ్చి ఎండయితే కన్ను పోతాది జేజీ. ఇది మెత్తగా ఉండాది," అంటూ సబీనా లోపలికి చూస్తూ అద్దాన్ని అటూ ఇటూ వాల్చింది. గుండ్రటి వెలుగు అంచుల దాకా ఒకే తీరుగా పరుచుకున్నాక పక్కకు జరిగింది. "చూడండి సార్."

సారు వంగీ వంగకముందే, "ఆఁ, కణాలు బ్రహ్మాండంగా కనపడతాండాయి. నేను చెప్పలే?" అన్నాడు.

"లెన్సు కింద ఇంకా ఏమీ పెట్టలేదు సార్," అంది సబీనా.

వాకిట్లో మూగిన పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సారు మొహం మాడిపోయింది. దౌలత్ బీ మాత్రం నవ్వలేదు.

"చూడకనే చూసినానంటివి. చూసి చెప్పిన బిడ్డకు చదువు రాదంటివి. ఆ మాట అనేదానికి నీకు నోరెట్ల వచ్చిందప్పా?"

సబీనా జేజి కొంగుకు అంటిన దూదిపోగొకటి తీసి గాజుపలక మీద పెట్టింది. పక్కనుంచి చూసుకుంటూ లెన్సును పలకకు తగలకుండా దగ్గరగా దించింది. ఆ తర్వాతే కన్ను ఆనించి, పెద్ద మరతో లెన్సును మెల్లగా పైకి లేపి, చిన్న మరతో సరిచేసింది.

"నాయనా, నువ్వు చూడు."

రబ్బానీ బెరుగ్గా వంగాడు. పుట్టినప్పటి నుంచి దూదిలో బతికిన మనిషి, ఎంతకీ తల ఎత్తలేదు. "పోగు మెలికలు తిరిగుండాది మా," అన్నాడు చివరికి. "రిబ్బను మాదిరి. ఇన్నేండ్లు ఏకితి, నాకు తెలీనే తెలీదు."

పిల్లలు మళ్లీ వరస కట్టారు. మొదటి పిల్ల చూసి, తల ఎత్తి, "సార్, మొన్న నాకు గూడా నల్లగానే ఉన్నింది," అంది. వెనకున్నవాడూ అదే అన్నాడు.

రబ్బానీ ఆ సారు వైపు చూడనైనా లేదు. "ఆ కుట్టుమిషను వాపసు ఇచ్చేస్తా. నువ్వు పోయి ముందు బెంచీలో కూచో," అన్నాడు కూతురితో.

దౌలత్ బీ మిగిలిన దిండును సారు బల్ల మీద పెట్టింది.

"ఇది ఈడ్నే ఉంటాది సారూ. చీకటికి ఝడుసుకునే పిల్లోళ్లకని కుట్టింది. నీకూ పనికొస్తాది."