మిగిలిన గింజ

డాక్టర్ ఎసహెల్ ప్రిండిల్ ఎడమచేత్తో రొమ్ము రుద్దుకుంటూనే కుడిచేత్తో గుర్రానికి జీను బిగిస్తున్నాడు. గుమ్మంలోంచి భార్య మెహిటబెల్ చూస్తూ నిలబడింది.

"ఊరి సభ రేపు పెట్టుకోకూడదూ? మొహం సున్నం కొట్టినట్టుంది."

"మశూచి పక్క ఊళ్ళోకి వచ్చి కూర్చుంది. నాకోసం ఆగుతుందేమిటే!"

కెనడా యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు అంటించిన జబ్బు అది. రోగి పొక్కుల చీములో తడిపిన దారాన్ని డాక్టరు చిన్న సీసాలో దాచాడు. ఒంట్లో బాగున్నవాళ్ళ చేతిమీద గీరి ఆ దారం ముక్క పెట్టి కట్టుకడితే జబ్బు తేలిగ్గా వచ్చి పోతుంది, ప్రాణం దక్కుతుంది. కాని ఊరు ఒప్పుకుంటే తప్ప ఇలా అంటు వెయ్యకూడదని చట్టం. రాష్ట్ర సభలో ఆ చట్టానికి చెయ్యెత్తినవాళ్ళలో తనూ ఒకడాయె! దొంగచాటుగా వేసెయ్యమని ఎందరో చెవినిల్లు కట్టుకుని పోరారు. "ఇంగ్లండు రాజు మనల్ని అడక్కుండా చట్టాలు చేశాడని తుపాకులు పట్టాం. ఇప్పుడు నేను ఊరిని అడక్కుండా వైద్యం చెయ్యనా?" అనేవాడు. ఉత్త మొండిమనిషి.

దారిలో డీకన్ ఓబడయా స్టెబిన్స్ ఇంటి దగ్గర ఆగాడు. డీకన్ మెడమీద సెగగడ్డ పండింది. ఆయన చర్చికి పెద్ద. ఊళ్ళో సగంమందికి ఆయన మాటంటే మాటే. కొడుకు కెనడాలో మశూచితోనే పోయాడు. ఇక మిగిలింది మనవరాలు కెజయా.

"దేవుడు పంపని రోగాన్ని నువ్వు పంపుతానంటావు. సభలో నిన్ను ఉతికి ఆరేస్తా, డాక్టరూ."

"ఆరేద్దువుగాని. ముందు కదలకు. కత్తి నాది, మెడ నీది."

డీకన్ నవ్వబోయి కెవ్వుమన్నాడు. గడ్డ చిట్లింది. కెజయా వేడినీళ్ళు తెచ్చిపెట్టి తాత చెయ్యి పట్టుకుంది. ఒక్క మచ్చయినా లేని ఆ చిన్న మొహాన్ని డాక్టరు చూశాడు. డీకనూ చూశాడు.

మధ్యాహ్నం సభలో డీకన్ మెడకి గుడ్డ చుట్టుకుని వచ్చి అన్నంత పనీ చేశాడు. "పెద్ద సభలో చెయ్యెత్తితే సరిపోయింది. ఇక్కడ మా ఓటు గింజలు కావాలిగా!" అని ఎద్దేవా చేశాడు. జనం గొల్లుమన్నారు. డాక్టరు బల్ల పట్టుకుని లేచాడు.

"పిల్లల్ని పూడ్చిపెట్టాక ఎలాగూ ఒప్పుకుంటారు. అదేదో ముందే ఒప్పుకోండి."

అంతకు మించి మాట్లాడే ఊపిరి లేదు ఆయనకి.

ఆనవాయితీ ప్రకారం మనిషికో మొక్కజొన్న గింజా, ఓ చిక్కుడు గింజా పంచారు. సరే అనేవాళ్ళు మొక్కజొన్న, వద్దనేవాళ్ళు చిక్కుడు, గుప్పిట్లోంచి టోపీలోకి జారవిడవాలి. రెండోది ఎవరి జేబులో వాళ్ళు వేసుకోవాలి. ఎవరు ఏది వేశారో పక్కవాడికి తెలియదు. డాక్టరు టోపీనే బల్లమీద బోర్లించి లెక్కపెట్టారు. మొక్కజొన్న ఒక్క గింజ ఎక్కువ తేలింది.

డాక్టరుకి నమ్మకం కుదర్లేదు. ఎవరు ఎటో ఆయనకి ముందే తెలుసు, ఓడిపోతానని తెలిసే వచ్చాడు. మరి మనసు మార్చుకున్నదెవరు? గుర్రమెక్కి ఇంటికి పోతూ ఒక్కొక్క మొహమే తలుచుకున్నాడు. ఎవరైతేనేం, రేపు పొద్దున్నే మొదలెట్టాలి. కత్తి సాన పట్టాలి. నొప్పి దవడదాకా పాకింది. కళ్ళెం వదిలేసి గుర్రం మెడమీదికి ఒరిగాడు. దారి తెలిసిన గుర్రం నిదానంగా నడిచివచ్చి గుమ్మం ముందు ఆగింది. మెహిటబెల్ పిలిస్తే ఆయన పలకలేదు.

సమాధి చేసిన మర్నాడు డీకన్ కెజయాని వెంటబెట్టుకుని వచ్చాడు.

"చెల్లెమ్మా, అప్పట్లో బోస్టన్ నగరంలో ఆయన అంటు వేస్తుంటే పక్కనుండి దారం అందించింది నువ్వేగా?"

"నేనే, అన్నయ్యా."

"అయితే దీని చెయ్యి పట్టు."

ఆమె నిర్ఘాంతపోయింది. "సభలో ఆయన్ని అన్నేసి మాటలన్నావట!"

"అన్నాను. నోటితో అన్నాను." డీకన్ జేబులో చెయ్యి పెట్టి, గుప్పిట బల్లమీద విప్పాడు. "సభ మర్నాడొచ్చి ఆయనకే చూపిద్దామనుకున్నాను తల్లీ." ముసలాయన భోరుమన్నాడు.

కెజయా తనంతట తానే చొక్కా చెయ్యి పైకి మడిచింది. మెహిటబెల్ కళ్ళు తుడుచుకుని కత్తి అందుకుంది.

బల్లమీద, మూత తీసిన సీసా పక్కన, ఓ తెల్లటి చిక్కుడు గింజ.